చెప్పు అట్టతో కప్ప, చాయ్ చెంచాతో చేప: ఆరేళ్లు వాడాక

దేవరకొండలో నాది మోటార్ వైండింగ్ షాపు. ఎండాకాలంలో బోరు మోటార్లు కాలిపోయి తిండికి కూడా తీరిక ఉండదు. వానలు పడ్డాయంటే షాపులో ఈగలు తోలుకోవాలి. ఆ ఖాళీ రోజుల్లో దగ్గర్లోని డిండి జలాశయానికి, ఒక్కోసారి సాగర్ వెనుక నీళ్ల దాకా గాలం పట్టుకుని పోతుంటాను. మొదట అందరిలాగే ఎర్రలు గుచ్చి వేసేవాణ్ణి. తర్వాత కొర్రమట్ట కోసమని ఒక రబ్బరు కప్ప లూర్, అంటే ఎరకు బదులు గాలానికి కట్టే బొమ్మ, కొన్నాను. రెండో రోజే నీళ్లలో మునిగిన తుమ్మ మొద్దుకు చిక్కుకుని పోయింది. ఆ డబ్బుతో బజార్లో చేపలే కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లో మాట పడ్డాను. అప్పటి నుంచి నా లూర్లు నేనే చేసుకుంటున్నాను. మూడు రకాలు చేశాను: చెప్పు అట్టతో కప్ప, స్టీలు చెంచాతో స్పూన్, కర్రతో చిన్న చేప. ఏది నిలిచిందో, ఏది నిలవలేదో, ఎక్కడ చెయ్యి కాల్చుకున్నానో చెబుతాను.

చెయ్యి నిజంగానే కాలింది. మొదటి ఏడాది బరువు కోసం సీసం కరిగించాను. టైర్ల షాపులో చక్రానికి బ్యాలెన్సింగ్ కోసం కొట్టే ముక్కలు ఏరుకొచ్చి, షాపు వెనుక స్టవ్ మీద పెట్టాను. సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, అందుకే చాలా సులువనిపిస్తుంది. నా మట్టి అచ్చు పైకి ఎండినట్టుంది గానీ లోపల తడి ఉంది. సీసం పోయగానే ఆ తడి ఒక్కసారిగా ఆవిరై, కరిగిన సీసం పైకి ఎగజిమ్మింది. మణికట్టు మీద మూడు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్లు దక్కాయి.

కాలిన గాయం మానిపోతుంది. పొగ, గిన్నె మీద తేలే మడ్డి, చేతులకూ బట్టలకూ అంటుకుని ఇంటికి వచ్చే పొడి అంతకంటే పెద్ద ముప్పు. పిల్లల ఒంట్లోకి సీసం ఎంత తక్కువ పోయినా మంచిది కాదని, ఇంత వరకు పరవాలేదు అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా చిన్నది అప్పట్లో షాపులో నేల మీదే ఆడుకునేది. ఆ సంగతి గుర్తొచ్చిన రోజే సీసం మానేశాను. పాత బ్యాటరీ పలకలు కరిగించేవాళ్లను కూడా చూశాను. వాటిలో యాసిడ్ ఉంటుంది, ఇతర విష లోహాలూ కలిసి ఉండొచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు బరువుకు స్టీలు నట్లే వాడుతున్నాను. అంతే బరువుకు స్టీలు సీసం కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తింటుంది. కప్ప పొట్ట కొంచెం లావవుతుంది, అంతే. కొర్రమట్ట ఆ లావును పట్టించుకున్నట్టు నాకైతే కనిపించలేదు.

ఇక కప్ప. ఇది నాకిష్టమైనది, అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను. అరిగిపోయిన హవాయి చెప్పుల అట్ట తీసుకుని, రెండు ముక్కలు రబ్బరు సొల్యూషన్‌తో అతికించి, కొత్త బ్లేడుతో బొటనవేలంత కప్పను చెక్కుతాను. మొండి బ్లేడు జారి వేలికి తగులుతుంది, కొత్తది చెప్పినట్టు వింటుంది. అట్ట మెత్తగా ఉండాలి. ఒకసారి గట్టి అడుగున్న చెప్పుతో చేశాను. చేప కొరికినా అట్ట అణగదు, గాలం ముల్లు బయటికి రాదు. ఆ పూట ఎన్ని కాట్లు పడ్డాయో, ఒక్క చేపా ఒడ్డుకు రాలేదు.

లోపలి తీగ దగ్గర నేను చాలా తప్పు చేశాను. షాపులో కట్టలు కట్టలుగా ఉంది కదా అని మొదట వైండింగ్ రాగి తీగే వాడాను. రాగి మెత్తన. నాలుగు సార్లు వంగితే అదే చోట విరుగుతుంది. చేపతోపాటు గాలం కూడా పోయింది, పాపం ఆ చేప నోట్లో ముల్లుతో తిరిగి ఉంటుంది. ఇప్పుడు ఒక మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ స్టీలు తీగను ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా నడిపిస్తాను. ముందు కొసకు దారం, వెనుక కొసకు గాలం. చేప బలమంతా తీగ మీదే పడాలి. అట్ట దాని మీద తొడిగిన చొక్కా లాంటిది, చిరిగితే ఇంకోటి తొడగొచ్చు.

కాళ్లకు మొదట సైకిల్ ట్యూబు ముక్కలు కట్టాను. ఎండకు పగిలాయి. తర్వాత చీర కుచ్చులు కట్టాను. ఇంట్లో అడిగే తీసుకున్నాను, ఒక్కసారి తప్ప. నీళ్లలో కుచ్చు విచ్చుకుని కదులుతుంటే చూడాలి! కొన్న రబ్బరు కప్పకు పన్ను దిగితే లోపలికి నీళ్లు చేరి మునిగిపోతుంది. చెప్పు అట్టలో గాలి గదులు వేటికవే మూసుకుని ఉంటాయి కాబట్టి సగం కొరికేసినా తేలుతుంది. నా దగ్గర ఒకటి మూడు వానాకాలాలు చూసింది. వీపంతా పళ్ల గాట్లే, తీగ మాత్రం అదే.

స్పూన్ చేయడం తేలిక, చెడిపోవడం అరుదు. చాయ్ చెంచా కాడ కోసేసి రెండు చివర్లా రంధ్రాలు పెడితే చాలు. అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కునే చౌకరకం చెంచాలకు నా దగ్గర రంధ్రాల అంచున తుప్పు మరకలు వచ్చాయి, అతుక్కోనివి శుభ్రంగా ఉన్నాయి. రంధ్రం వేసేటప్పుడు చెంచాను చేత్తో పట్టుకోవద్దు. డ్రిల్ బిట్టు అవతలికి దిగే క్షణంలో చెంచాను పట్టుకుని గిర్రున తిప్పుతుంది, అది ఫ్యాను రెక్కలా వేళ్లు కోస్తుంది. వైస్‌లో బిగించి, చుక్క నూనె వేసి, నెమ్మదిగా తిప్పాలి. స్పీడు పెంచితే స్టీలు వేడెక్కి ఇంకా గట్టిపడుతుంది, బిట్టే పోతుంది. తర్వాత అంచులు ఆకురాయితో నున్నగా చేసి రింగు వేయాలి. నేను బద్ధకించి దారాన్ని నేరుగా రంధ్రానికే కట్టాను. మూడో విసురుకే చెంచా ఒక్కటే డిండి మధ్యకు ఎగిరిపోయింది.

కర్ర చేప చూడటానికి అందం, నా వరకు పని దండగ. కర్రలోకి ఎక్కడో ఒక చోట నీళ్లు దూరుతాయి, ఉబ్బుతుంది, రంగు పగులుతుంది. వైండింగ్ వార్నిష్ పూస్తే పొరలుగా ఊడింది. రెండు ట్యూబులు కలిపి పూసే ఎపాక్సీ జిగురు పల్చగా మూడు పూతలు పూసి, రంధ్రాల లోపల కూడా నింపితేనే ఏడాది దాటింది. ఎపాక్సీకి గ్లౌజులు తప్పనిసరి. దురద ఒకసారి మొదలైతే తర్వాత ముట్టుకున్నప్పుడల్లా వస్తుందట, మా షాపు కుర్రాడికి అదే జరుగుతోంది. ఇన్‌స్టంట్ గమ్ వాడేటప్పుడు మాత్రం కాటన్ గ్లౌజులు, కాటన్ గుడ్డ వద్దు. నూలుకు తగిలితే ఆ గమ్ చుర్రుమని వేడెక్కి కాలుస్తుంది.

నీళ్ల దగ్గర జరిగినవి ఇంకో రెండు. తుమ్మ మొద్దుకు చిక్కిన స్పూన్‌ను ఎదురుగా నిలబడి బలంగా గుంజాను. ఊడి వచ్చి నా చొక్కా కాలర్‌లో గుచ్చుకుంది, జానెడు పైకొస్తే కన్నే. ఇప్పుడు ముఖం పక్కకు తిప్పి, దారాన్ని కర్రకు చుట్టి లాగుతాను. తడి దారం చేతికి చుట్టుకుంటే బ్లేడులా కోస్తుంది. ఎంత జాగ్రత్తపడ్డా ఒకసారి ముల్లు వేలిలో దిగింది. మొన పక్కన వెనక్కి తిరిగిన చిన్న కొక్కెం ఉంటుంది కాబట్టి గుంజలేదు, దారం కోసేసి ఆసుపత్రికి పోయి తీయించుకుని టీటీ సూది వేయించుకున్నాను.

రెండోది, మా దగ్గరి ఒక చెరువులో నేను తెంపుకున్న మూడు ముళ్ల గాలం మత్స్య సహకార సంఘం వాళ్ల వలకు చుట్టుకుని గజం మేర చింపేసింది. చెరువులో చేపల హక్కు వాళ్లది, నేను అడిగే దిగాను, అయినా తిట్టారు. తిట్టాల్సిందే. వల బాగు చేయించే ఖర్చు ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచి చెంచాలకు ఒంటి ముల్లు గాలమే, దాని మొన పక్కనుండే ఆ చిన్న కొక్కెం కూడా ప్లయర్స్‌తో నొక్కేసి. కొన్ని చేపలు జారిపోతాయి, పోనీ.

వానాకాలంలో నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే దాని కింద తల్లీతండ్రీ కొర్రమట్టలు కాపలా ఉంటాయి. అక్కడ కప్ప పడితే కాపలా కోపంతోనే కొరుకుతాయి, పట్టడం చాలా తేలిక. నేనక్కడ వేయను.

ఇంటికి రాగానే లూర్లు ఆరబెట్టి, ముళ్లకు షాపులోని ఇన్సులేషన్ స్లీవ్ ముక్కలు తొడిగి పెట్టెలో పెడతాను. తడిగా మూసేస్తే ఒక్క గాలం తుప్పు పెట్టెంతా అంటుకుంటుంది. ప్రస్తుతం పెట్టెలో కప్పలు ఐదు, చెంచాలు ఎనిమిది. మిగిలిన ఒక్క కర్ర చేప స్విచ్ బోర్డు పక్కన వేలాడుతోంది, వచ్చిన ప్రతి రైతూ దాన్నే అమ్ముతావా అని అడుగుతాడు.