కోయాసాన్‌లో ఒక రాత్రి: బాత్రూం బయట, నాగార్జునుడు లోపల

"మనిషికి 18,000 యెన్‌లా? అదీ బాత్రూం గదిలో లేని చోటుకి? నీకేమన్నా పిచ్చా?"

కోయాసాన్ వెళ్దామే అని నేను ఫోన్ చేస్తే మా స్నేహితురాలు అన్న మొదటి మాట ఇది. గుంటూరు హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఇప్పుడది ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు కదా, అక్కడ పడుకోవడం ఎందుకు అని దాని వాదన. 18,000 యెన్‌లంటే మన డబ్బుల్లో దాదాపు పదివేలు. ఒక్క రాత్రికి, ఒక్క మనిషికి. వాదన కాదనలేనిదే. అయినా నేను పట్టుబట్టాను. తిరిగొచ్చేటప్పుడు ఆ డబ్బు గురించి అదేమందో తర్వాత చెప్తాను.

కోయాసాన్ జపాన్‌లోని వకయామా ప్రాంతంలో, దాదాపు 800 మీటర్ల ఎత్తున, కొండల మధ్య పళ్లెంలా ఉన్న చిన్న ఊరు. కూకై అనే బౌద్ధ సన్యాసికి 816లో అప్పటి చక్రవర్తి ఈ చోటు ఇచ్చాడు. ఆయన్నే కోబో దైషి అంటారు. ఊళ్లో 117 గుళ్లు, వాటిలో యాభై దాకా యాత్రికులకు గదులిస్తాయి. ఈ గుడి బసల్నే షుకుబో అంటారు. మన సత్రాల్లాంటివి అనుకుని వెళ్తే మాత్రం రేటు చూసి కళ్లు తిరుగుతాయి.

ప్రయాణం సంగతి ముందు చెప్పేస్తాను. ఒసాకా నంబా స్టేషన్ నుంచి నాన్‌కై రైలు. పర్యాటకులు కొనే జేఆర్ రైలు పాస్ దీనికి పనికిరాదు, ఆ పాస్ కొనుక్కుని వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోండి. రానూపోనూ టికెట్టూ, కొండ మీద బస్సు పాసూ కలిపి ఒక టికెట్ అమ్ముతారు, దానికి కొన్ని గుళ్ల ప్రవేశ రుసుములో తగ్గింపు కూడా ఉంది. అదే తీసుకున్నాం. పెద్ద సూట్‌కేసులు నంబాలో లాకర్లో పడేసి, చెరో భుజాన సంచి వేసుకుని ఎక్కాం. ఈ పని చేయకపోతే నరకమే. హషిమోతో దాటాక రైలు కొండల్లో మెలికలు తిరుగుతూ ఎడ్లబండిలా పోతుంది. చివరి స్టేషన్ పేరు గోకురాకుబాషి, అంటే స్వర్గానికి వంతెన. అక్కడ దిగి కేబుల్ కార్ ఎక్కితే ఐదు నిమిషాల్లో 328 మీటర్లు పైకి లాగేస్తుంది. కూర్చున్నవాళ్లం వెనక్కి వాలిపోయాం. పైనుంచి ఊళ్లోకి బస్సులోనే వెళ్లాలి, ఆ రోడ్డు మీద నడవనివ్వరు.

ఊరి మొదట్లో బస్సు ఒక చిన్న గుడి దగ్గర ఆగుతుంది. న్యోనిన్‌దో, అంటే ఆడవాళ్ల మందిరం. 1872 దాకా ఆడవాళ్లకు కోయాసాన్‌లో ప్రవేశం లేదు. కొండకు ఏడు దారులుంటే, ఒక్కో దారి మొదట్లో వాళ్లు ఆగి దండం పెట్టుకోవడానికి ఒక్కో మందిరం ఉండేదట. మిగిలింది ఇదొక్కటే. లోపలికి వెళ్లలేనివాళ్లు చుట్టూ ఉన్న కొండ అంచుల వెంబడి నడిచి ప్రదక్షిణ చేసేవాళ్లట. బస్సులో మా ఇద్దరికీ అక్కడ శబరిమల మీద చిన్న గొడవ జరిగింది. అది ఇక్కడ వద్దు.

మధ్యాహ్నానికి బసలో సంచులు పెట్టి ఊరి మీద పడ్డాం. కోంగోబుజి ముఖ్యమైన గుడి, టికెట్ 1,000 యెన్‌లు. అందులోని రాళ్ల తోట జపాన్‌లోనే పెద్దదని గొప్పగా చెప్తారు. 2,340 చదరపు మీటర్లు, 140 రాళ్లు, తెల్ల ఇసుకను మేఘాల్లా గీసి, రెండు డ్రాగన్లు ఎదురెదురుగా ఉన్నట్టు అమర్చారు. నిజం చెప్పొద్దూ, నాకు డ్రాగన్లు కనపడలేదు. మా స్నేహితురాలికి ఒకటి కనపడిందట. నాకు నచ్చింది వంటిల్లు. ఒకేసారి 2,000 మందికి అన్నం వండే పొయ్యిలు, మసిబారిన దూలాలు. మనింటి పెళ్లికి గాడిపొయ్యి తవ్విన పెరడు గుర్తొచ్చి అక్కడే చాలాసేపు నిలబడ్డాను. తొందరలో ఉన్నవాళ్లు కోంగోబుజి వదిలేసినా పరవాలేదు. దాంజో గారన్ మాత్రం వదలొద్దు.

దాంజో గారన్ అంటే కూకై మొదట కట్టడం మొదలుపెట్టిన గుళ్ల ప్రాంగణం. దాని మధ్య ఎర్రటి రంగుతో 48.5 మీటర్ల ఎత్తున కొంపోన్ దైతో అనే గోపురం ఉంటుంది. మంటల్లో పదేపదే కాలిపోయింది, ఇప్పుడున్నది 1937లో కట్టింది. టికెట్ 500 యెన్‌లు. లోపల మధ్యలో బంగారు రంగులో దైనిచి, అంటే మహావైరోచనుడు అనే బుద్ధుడు. చుట్టూ నలుగురు బుద్ధులు, పదహారు స్తంభాల మీద పదహారుగురు బోధిసత్వులు. నాలుగు మూలల గోడల మీద, కూకై నెలకొల్పిన షింగోన్ అనే బౌద్ధ సంప్రదాయపు ఎనిమిదిమంది గురువుల బొమ్మలు. వాళ్లలో ఒకరి పేరు ర్యూమ్యో అని రాసుంది. మా స్నేహితురాలు ఆ అక్షరాలు చదివి, ఫోన్లో వెతికి, "ఒసేయ్, ఈయన నాగార్జునుడే!" అని గట్టిగా అరిచింది. కాపలా ఆయన మావైపు చూశాడు.

మన కృష్ణ ఒడ్డున ఏ కొండకు ఆయన పేరుందో ఆ నాగార్జునుడే. ఈ షింగోన్ సంప్రదాయంలో ఒక కథ ఉంది. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం ఉండేదట, నాగార్జునుడు దాని తలుపు తెరిచి లోపల దాచిన మంత్రశాస్త్రాన్ని అందుకున్నాడట. ఆ ఇనుప స్తూపం మన అమరావతి స్తూపమే అయ్యుంటుందని కొందరు పండితుల ఊహ. హాస్టల్లో ఉన్నప్పుడు అమరావతికి ఎన్నిసార్లు పోయాం! గుడికెళ్లి, కృష్ణలో కాళ్లు కడుక్కుని, బజ్జీలు తిని వచ్చేవాళ్లం. స్తూపం వైపు ఒక్కసారి వెళ్తే వెళ్లామేమో. అక్కడ పట్టించుకోని దాన్ని వెతుక్కుంటూ ఇక్కడ కొండెక్కి, 500 యెన్‌ల టికెట్ కొని, బొమ్మ చూసి మురిసిపోతున్నాం. ఇద్దరికీ కాస్త సిగ్గేసింది.

ఇక బస. ఏ గుడో పేరు చెప్పను. బుకింగ్ చేసేటప్పుడు ఫొటోలో తోట కనిపించే గది చూపించారు, మాకిచ్చిన గది కిటికీ తీస్తే కార్లు ఆపే స్థలం కనిపించింది. అడిగితే కుర్ర సన్యాసి నడుం వంచి దండం పెట్టి క్షమించమన్నాడు. గది మాత్రం మారలేదు. చాపల నేల, మధ్యలో దుప్పటి కప్పి కింద వేడి వచ్చే బల్ల, దాని మీద టీ సరంజామా. గదుల మధ్య గోడలు లేవు, కాగితపు తలుపులే. పక్క గదిలో పెద్దాయన గురక మా గదిలోనే పెడుతున్నట్టు వినిపించింది. కిరసనాయిలు హీటర్ మూడు గంటలకోసారి దానంతటదే ఆగిపోతుంది. రాత్రి రెండింటికి నేను లేచి నొక్కాను, ఐదింటికి మా స్నేహితురాలు లేచి నొక్కింది. మేం వెళ్లింది నవంబరు మొదటి వారం, ఆకులు ఎర్రబడ్డ రోజులు. చలి సంగతి చెప్పక్కర్లేదు. స్నానం అందరికీ ఒకటే వేడినీళ్ల తొట్టి, ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. ఒంటిమీద నూలుపోగు లేకుండా దిగాలి. అందరూ వెళ్లిపోయాక ఆఖర్న దొంగల్లా వెళ్లొచ్చాం. ఆ పది నిమిషాల వేడి కోసమైనా సిగ్గు పక్కన పెట్టొచ్చు.

భోజనం దగ్గర మాత్రం నా ఫిర్యాదులన్నీ ఎగిరిపోయాయి. నేను శాకాహారిని. జపాన్‌లో అడుగుపెట్టినప్పటి నుంచి టెన్షనే. కూరగాయల సూప్ అంటారు, దాన్ని చేపల నీళ్లలో కాస్తారు. వెజ్ అని రాసిన చోట కూడా అడిగి తినాల్సిందే. ఇక్కడ ఆ బాధ లేదు. షోజిన్ ర్యోరి అనే గుడి వంటలో మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పులుసుకు రుచి కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో వస్తుంది. సాయంత్రం ఐదున్నరకే పెట్టేశారు. చెరొకరికి రెండు ఎర్ర పీటలు, వాటినిండా చిన్న చిన్న గిన్నెలు.

గోమాదోఫు అని నువ్వుల పాలలో కుజు అనే దుంప పిండి వేసి కాచి గడ్డకట్టించింది. జున్నులా ఉంటుంది కానీ తీపి లేదు, నోట్లో పెడితే నువ్వుల వాసనతో కరిగిపోయింది. ఇందులో నువ్వులు వేయించరట, అందుకే తెల్లగా ఉంది. కోయాదోఫు అని ఈ ఊరి పేరుతోనే ఇంకొకటి. టోఫూను చలికి గడ్డకట్టించి ఎండబెట్టేది. దాన్ని పులుసులో నానేస్తే రసగుల్లాలా పీల్చుకుంటుంది, కొరికితే రసం కారుతుంది. గుమ్మడి ముక్కలకు, ఏదో ఆకుకు పిండి ముంచి వేయించినవి బజ్జీల చుట్టాలే. ఉప్పులో ఊరేసిన ఉమే అనే పుల్లటి పండు నోట్లో వేసుకోగానే మా ఇద్దరి మొహాలూ ఒకేలా ముడుచుకుపోయాయి. ఊరబెట్టిన ఉసిరికాయకు అన్న అనుకోండి. చెక్క బకెట్లో అన్నం, కావలసినంత పెట్టుకోవచ్చు.

ఎందుకైనా మంచిదని గుంటూరు నుంచి తెచ్చిన వెల్లుల్లి కారం డబ్బా నా సంచిలో ఉంది. చెయ్యి దాకా వచ్చింది. వెల్లుల్లి పనికిరాని గుళ్లో కూర్చుని దాని మూత తీయడం ఏమిటని మళ్లీ లోపల పెట్టేశాను. మా స్నేహితురాలు మాంసం లేకపోతే ముద్ద దిగని మనిషి. మూడుసార్లు అన్నం పెట్టుకుంది.

తిన్నాక కూకై సమాధి ఉన్న శ్మశానం ఓకునోఇన్‌కు బయల్దేరాం. ఏడు గంటలకే ఊరు మాటుమణిగింది. కొట్లన్నీ మూసేశారు, ఏదైనా కొనుక్కోవాలంటే ముందే కొనుక్కోండి. ఇచినోహాషి వంతెన నుంచి కూకై సమాధి దాకా రెండు కిలోమీటర్ల దారి, రెండు పక్కలా ఆకాశాన్నంటే దేవదారు లాంటి చెట్లు, వాటి కింద రెండు లక్షలకు పైగా సమాధులు. రాత్రిపూట రాతి దీపస్తంభాల వెలుగులో నడవాలి. శ్మశానంలో రాత్రి నడకేమిటే తల్లీ అని అది గొణిగింది. వంద అడుగులు వేశాక గొణగడం మానేసింది. భయం కాదు, అదొక రకం నిశ్శబ్దం.

సమాధులన్నీ దాదాపు ఒకే అచ్చు. కింద చదరం, పైన గుండ్రం, ఆపైన కప్పులా వాలు, దాని మీద అర్ధచంద్రం, చివర మొగ్గ. పృథ్వి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం: మన పంచభూతాలే కింద నుంచి పైకి. చాలావాటి మీద అ, వ, ర, హ, ఖ అని సంస్కృత బీజాక్షరాలు సిద్ధం అనే పాత భారతీయ లిపిలో చెక్కి ఉన్నాయి. కూకై 804లో చైనా వెళ్లి, అక్కడ ప్రజ్ఞ అనే భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. ఆ అక్షరాలు అలా ఈ కొండెక్కాయి. యుద్ధప్రభువు ఓదా నొబునాగా, ఆయన మీద తిరగబడి చావుకు కారణమైన ఆయన సేనాని అకెచి మిత్సుహిదే, ఇద్దరి సమాధులూ ఇక్కడే. మర్నాడు పగలు ఇంకో దారిన వెళ్తే కంపెనీల స్మారకాలు కనిపించాయి: కాఫీ కంపెనీది కప్పు సాసర్ ఆకారంలో, ఇంకొకరిది రాకెట్ ఆకారంలో. చెదపురుగుల మందు కొట్టేవాళ్ల సంఘం, తాము చంపిన చెదలకే స్మారకం కట్టింది. "ప్రశాంతంగా నిద్రపోండి" అని వాటికి చెప్తూ.

తెల్లవారి ఆరింటికి బసలోనే ప్రార్థన, ఆ వెంటనే హోమం. హోమాన్ని వాళ్లు గోమా అంటారు, పేరు మనదే. అచలనాథుడు అనే దేవుడి ముందు గుండం, నెయ్యికి బదులు నూనె, సమిధలు ఒక్కొక్కటే మంటలో పడుతుంటే ఢోలు దబదబా మోగుతుంది. అర్థం కాని జపనీస్ మంత్రాల మధ్యలో "గ్యాతే గ్యాతే హారా గ్యాతే" అని వినపడింది. బౌద్ధుల హృదయసూత్రంలోని గతే గతే పారగతే! చివర "సోవాకా" అన్నారు, అది స్వాహా. ఒక్కసారిగా రోమాలు లేచాయి. పక్కన గురక పెద్దాయన కళ్లు మూసుకుని అన్నీ కంఠతా చదువుతున్నాడు. రాత్రి ఆయన్ని తిట్టుకున్నందుకు లోపల్లోపలే క్షమాపణ చెప్పుకున్నాను.

పదిన్నరకు మళ్లీ ఓకునోఇన్‌లో ఉండేలా చూసుకోండి. కూకై 835లో చనిపోలేదు, ధ్యానంలో కూర్చున్నాడు అని వీళ్ల నమ్మకం. అందుకే రోజూ ఉదయం ఆరింటికి, పదిన్నరకు ఆయనకు భోజనం వెళ్తుంది. తెల్ల చెక్క పెట్టెను ఇద్దరు భుజాన మోసుకుని, ముందొక పెద్ద సన్యాసి నడుస్తుంటే, సమాధి ముందున్న వంతెన దాటి లోపలికి వెళ్లిపోతారు. ఆ వంతెన అవతల ఫొటోలు తీయకూడదు. చూసేది రెండు నిమిషాలే. మహానైవేద్యం వెళ్తుంటే పక్కకు తప్పుకునే అలవాటుతో మేమిద్దరం చెప్పకుండానే తప్పుకుని చేతులు జోడించాం.

పగలొచ్చి పగలే వెళ్లేవాళ్లకు ఈ రాత్రి నడక, తెల్లవారి హోమం రెండూ దక్కవు. తోట కనపడని గదికి 18,000 ఎక్కువే, అది నేనిప్పటికీ అంటాను. డబ్బు ఇంకాస్త పెట్టగలిగితే బాత్రూం ఉన్న గది తీసుకోండి, చలికాలమైతే మరీ. ఒక రాత్రి చాలు, రెండో రాత్రికి ఊళ్లో పనేం లేదు.

దిగేటప్పుడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, మామూలు రైళ్లలోలా కాదు, అందులో తింటే ఎవరూ మొహం చిట్లించరు. నేను మధ్యాహ్నానికని కొన్న ఉమే అన్నం ముద్దలు విప్పాను. స్నేహితురాలు 18,000 సంగతి ఎత్తుతుందేమోనని చూశాను. "వచ్చే ఏడాది అమ్మను తీసుకొస్తా. తోట కనపడే గదే ఇమ్మని ముందే ఫోన్ చేసి మరీ అడుగుతా," అంది. హషిమోతో దాటగానే నా సంచిలో చెయ్యి పెట్టి డబ్బా బయటికి లాగింది.

"కొండ దిగాం కదే. ఇక తియ్యి ఆ కారం."