బ్రోకెన్ హిల్, కూబర్ పీడీ: రెండు గని పట్టణాలు

ఆస్ట్రేలియా లోతట్టు ఎండుభూముల్లోని ఈ రెండు పట్టణాలూ గనుల వల్లనే పుట్టినా, ఎదిగిన తీరులో పోలిక తక్కువ. 1883లో ఖనిజం బయటపడిన బ్రోకెన్ హిల్‌ను వెండి, సీసం, జింకు తవ్విన పెద్ద కంపెనీలూ, బలమైన కార్మిక సంఘాలూ కలిసి నగరంగా నిలబెట్టాయి. అయితే గనుల కోసం, వంటచెరకు కోసం చుట్టుపక్కల చెట్లను నరికేయడంతో దుమ్ము తుఫానులు ఊరిని ముంచెత్తసాగాయి. 1936 నుంచి మొక్కల మీద మక్కువ ఉన్న స్థానికుడు ఆల్బర్ట్ మోరిస్ చొరవతో ఊరి అంచున కంచెలు వేసి, పశువులనూ కుందేళ్లనూ రానివ్వకపోయేసరికి, స్థానిక మొక్కలు మళ్లీ మొలిచి ఇసుకను పట్టి ఉంచాయి. నా దృష్టిలో ఆ ఊరు సాధించిన వాటన్నిటిలో మిన్న ఈ పచ్చని వలయమే.

1915లో ఓపల్ అనే రంగురంగుల రత్నపు రాళ్లు దొరికిన కూబర్ పీడీలో తవ్వకందారులు ఎక్కువగా చిన్న చిన్న స్థలాలకు సొంతంగా హద్దులు వేసుకున్నవారే. వేసవి ఎండకు తాళలేక వారు కొండ కడుపులోనే ఇళ్లు తొలుచుకున్నారు; ఆ గోడల మీద తవ్వకం యంత్రం గీసిన గుండ్రటి గాట్లు నేటికీ కనిపిస్తాయి, ఏసీ లేకుండానే గదులు ఏడాది పొడవునా హాయిగా ఉంటాయి.

నీటి విషయంలో బ్రోకెన్ హిల్‌ది పైచేయి: 2019 నుంచి 270 కిలోమీటర్ల పైపులైను ముర్రే నది నీటిని అక్కడికి చేరుస్తుండగా, కూబర్ పీడీ భూగర్భంలోని ఉప్పునీటిని శుద్ధి చేసుకొని తాగుతోంది.