ఇంటికొచ్చి చేసే సర్వే: మా అత్తగారి ‘ఆయ్’కి పడిన టిక్కు

5కి 2 స్టార్లు. ఆ రెండూ ఎండలో ట్యాబ్ పట్టుకుని తిరిగిన కుర్రాడికి. ప్రశ్నలు రాసినవాళ్లకి సున్నా.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పోయిన ఆదివారం ఓ సర్వే సంస్థ తరఫున వచ్చాడు. పది నిమిషాలన్నాడు, గంట పట్టింది. జిల్లా అన్నచోట ఇంకా తూర్పు గోదావరే ఉంది. కోనసీమ వేరుపడింది 2022లో. సర్లే అనుకున్నాను.

‘సాగునీటి సరఫరా, మురుగు కాలువల నిర్వహణ బాగున్నాయా? అవును / కాదు.’ ఏం చెప్పమంటారు? ధవళేశ్వరం నుంచి నీళ్లు బాగానే వస్తున్నాయి. మురుగు కాలువే గుర్రపుడెక్కతో పూడిపోయి, గట్టి వాన పడితే చేను చెరువైపోతోంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి ఈ ముంపు బాధ కూడా ఒక కారణం. రెండిటికీ కలిపి ఒకటే టిక్కట! ‘‘సగం అవును’’ అన్నాను. ‘‘అలా ఆప్షన్ లేదండి’’ అన్నాడు పాపం.

తర్వాత మా అత్తగారి వంతు. ‘ధాన్యం డబ్బులు సకాలంలో అందడం లేదని మీరు అనుకోవడం లేదా?’ ఆవిడ ‘‘ఆయ్’’ అంది. అవును మీద టిక్కు పడిపోయింది. మా వైపు ఆయ్ అంటే ‘చెప్పు బాబూ, వింటున్నా’ అని కూడా. పోనీ, అవుననే అనుకుందాం. ‘అన్నం తినలేదా?’ అంటే ‘అవును, తినలేదు’ అంటాం కదా మనం. ఆ లెక్కన ఆవిడకి డబ్బులు టైముకి అందుతున్నట్టు. ఇంగ్లీషు లెక్కలో అయితే అందనట్టు. కుర్రాడు వెళ్లాక అడిగాను. ‘‘ఏం అందాయే అమ్మాయ్, బస్తాలు తోలి నెల దాటింది’’ అంది.

ఇది మన ఒక్కరి తంటా కాదు. 1992లో అమెరికాలో రోపర్ సంస్థ, యూదుల ఊచకోత ‘జరగనే లేదన్నది సాధ్యమనిపిస్తోందా, అసాధ్యమనిపిస్తోందా’ అని మెలిపెట్టి అడిగింది. నూటికి 22 మంది సాధ్యమే అన్నారు. దేశమంతా గగ్గోలు. 1994లో అదే సంస్థ తిన్నగా అడిగితే ఆ 22 కాస్తా 1కి దిగింది.

ఆ కుర్రాడు వెళ్లేముందు, మజ్జిగ తాగి లేస్తూ ఆఖరి ప్రశ్న చదివాడు: ‘ఈ సర్వే స్పష్టంగా, ఉపయోగకరంగా ఉందా?’

మా అత్తగారు ‘‘ఆయ్’’ అంది.