గుర్తించడమా, గుర్తుపట్టడమా: రికగ్నైజ్‌కు ఏది మేలు?

"రికగ్నైజ్ అని ఉన్నచోటల్లా గుర్తించు అని రాసేస్తే సరిపోదా?" అనువాదాలు దిద్దించుకోవడానికి వచ్చేవారిలో నెలకు ఒక్కరైనా ఈ మాట అడుగుతారు. రాసేయవచ్చు, తప్పని ఎవరూ పట్టుకోరు. కానీ పోయిన వారం ఒక కథ అనువదిస్తూ నేనే అక్కడ బోర్లా పడ్డాను. ఇరవై ఏళ్ల తర్వాత ఇల్లు చేరిన కొడుకు గుమ్మంలో నిలబడతాడు. "తల్లి అతన్ని గుర్తించలేదు" అని రాసి ముందుకు వెళ్లిపోయాను. మర్నాడు చదువుకుంటే, ఆమె పనిలో పడి అటు చూడనట్టుంది. ఇంకోసారి చదివితే, కొడుకు ప్రతిభను ఆమె లెక్కచేయనట్టుంది. అసలు సంగతి ఆ రెండూ కాదు. ఆమె తేరిపార చూసింది. ఎవరో తెలియలేదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: పాత పరిచయం ఉందా, లేదా? రికగ్నైజ్‌కు మూలమైన లాటిన్ మాటకు "మళ్లీ తెలుసుకోవడం" అని అర్థం. గుర్తుపట్టాలంటే కూడా మనసులో ముందే ఒక బొమ్మ ఉండాలి. గుర్తించడానికి అది అక్కర్లేదు. శాస్త్రవేత్తలు కొత్త జాతి కప్పను గుర్తిస్తారు. గుర్తుపట్టారు అని రాస్తే ఆ కప్ప వారికి దూరపు చుట్టమేమో అనిపిస్తుంది.

ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో పేపర్లో రోజూ కనిపిస్తుంది. "కాలువలో మృతదేహాన్ని గుర్తించారు." కనుగొన్నారా, ఎవరిదో తెలుసుకున్నారా? స్థానికులు గుర్తించారంటే మొదటిది, బంధువులు గుర్తించారంటే రెండోది అని మనమే సర్దుకుని చదువుకుంటాం. "స్థానికులు చూశారు, బంధువులు గుర్తుపట్టారు" అని రాస్తే ఆ శ్రమ ఉండదు.

అలాగని గుర్తించును పక్కన పెట్టలేం. 1971 డిసెంబర్ 6న భారత్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. 2008లో కేంద్రం తెలుగును ప్రాచీన భాషగా గుర్తించింది. ఇక్కడ గుర్తుపట్టింది అంటే ఊరంతా నవ్వుతుంది. పైగా గుర్తించుకు గుర్తింపు అనే చక్కటి నామవాచకం ఉంది. గుర్తింపు కార్డు, గుర్తింపు పొందిన పాఠశాల, కళాకారుడికి దక్కని గుర్తింపు, అన్నీ దాని సంతానమే. గుర్తుపట్టుకు గుర్తుపట్టడం తప్ప వేరే దిక్కు లేదు. అందుకే సాంకేతిక రచనల్లో ముఖ గుర్తింపు అని స్థిరపడింది. అయినా జనం మాత్రం "మాస్కు పెట్టుకుంటే ఫోను నన్ను గుర్తుపట్టడం లేదు" అనే అంటారు. ఫోనుకు మన ముఖం ముందే తెలుసు కదా!

గుర్తుపట్టుతో ఒక చిక్కుంది. మగవాడి విషయంలో గుర్తుపట్టలేదు, గుర్తుపట్టలేడు అని రెండు రూపాలు వేరుగా ఉంటాయి. ఆడవారికి వచ్చేసరికి రెండూ ఒకటే. "తల్లి గుర్తుపట్టలేదు" అంటే అప్పుడు పట్టలేదా, ఎప్పటికీ పట్టలేదా? అందుకని నా కథలో "గుర్తుపట్టలేకపోయింది" అని రాశాను.

మిగిలిన మాటల సంగతి క్లుప్తంగా. తన తప్పు తనకే తెలిస్తే గ్రహించాడు, నలుగురిలో చెబితే ఒప్పుకున్నాడు. హనుమంతుడు తెచ్చిన చూడామణి లాంటి వస్తువు చేతిలో ఉంటే ఆనవాలు పట్టడం బాగుంటుంది.

పోల్చుకొను ఒక్కటి మాత్రం వదలబుద్ధి కాదు. "నన్ను పోల్చుకున్నావా బాబూ?" అని మా ఊరి పెద్దలు అడిగేవారు. ఎదుట ఉన్న ముఖాన్ని మనసులోని పాత ముఖం పక్కన పెట్టి చూసుకోవడమంతా ఆ మాటలోనే ఉంది. నా కథ రెండో పేజీలో కొడుకు దగ్గుతాడు. ఆ దగ్గు విని తల్లి లేచి వస్తుంది. అక్కడ "పోల్చుకుంది" అని రాశాను. సంపాదకుడు దాన్ని "గుర్తించింది" అని దిద్ది పంపారు. నేను మళ్లీ "పోల్చుకుంది" అని దిద్ది పంపాను.