పరుగు తర్వాత పాల గ్లాసా, వే డబ్బానా?

నెక్లెస్ రోడ్డులో ఆదివారం పొద్దున్నే పరుగు ముగించుకున్నవాళ్ల చేతుల్లో ప్రొటీన్ షేకర్లు గలగలలాడుతుంటాయి. ఏడాది కిందటి దాకా నేనూ అంతే. హాఫ్ మారథాన్‌లో పదిహేనో కిలోమీటరు దాటితే కాళ్లు మొరాయిస్తున్నాయని, దమ్ము పెరుగుతుందేమోనని వే ప్రొటీన్ పొడి డబ్బా కొన్నాను. డబ్బా ఖాళీ అయింది. పదిహేనో కిలోమీటరు మాత్రం ఏమీ మారలేదు.

అందులో డబ్బా తప్పేమీ లేదు. దూరం పరిగెత్తేటప్పుడు ముందుగా ఖర్చయ్యేది కండల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థం. దాన్ని నింపేది అన్నం, ఇడ్లీ, అరటిపండు. అరిగిన కండను బాగుచేయడమే ప్రొటీన్‌కి ముఖ్యమైన పని, అది పరుగయ్యాక చూసుకునే సంగతి. మరి ఆ పనికి పాలు మేలా, పొడి మేలా?

పాలు విరిచి పనీర్ తీసేశాక గిన్నెలో లేత పసుపు నీళ్లు మిగులుతాయి చూడండి, వే అంటే అదే. దాన్ని వడగట్టి, ఆరబెట్టి పొడి చేస్తారు. పాల ప్రొటీన్‌లో ఇది దాదాపు 20 శాతం, మిగతా 80 శాతం కేసిన్. వే త్వరగా అరుగుతుంది, కండ కట్టడానికి ముఖ్యమైన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అందులో ఎక్కువ. కేసిన్ కడుపులో గడ్డకట్టి గంటల తరబడి నిదానంగా అరుగుతుంది. పాలు తాగితే రెండూ అందుతాయి, వాటితో పాటు చక్కెర, నీళ్లు, సోడియం, పొటాషియం కూడా. చెమట కారిన ఒంటికి ఇంతకంటే ఏం కావాలి?

2016లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, ఒకే కొలత తాగించి చూస్తే మామూలు నీళ్ల కంటే పాలే ఒంట్లో ఎక్కువసేపు నిలిచాయి. 2006లో ఇండియానా యూనివర్సిటీలో సైక్లిస్టులకు చాక్లెట్ పాలు ఇచ్చి చూస్తే, ఒక కార్బోహైడ్రేట్ డ్రింకు తాగినప్పటి కంటే ఎక్కువసేపు తొక్కారు. కాకపోతే అందులో ఉన్నది తొమ్మిది మందే, ఖర్చులో కొంత పాల పరిశ్రమ సంస్థే పెట్టుకుంది. కాబట్టి మరీ మురిసిపోనక్కర్లేదు.

డబ్బు సంగతికొస్తే, నా డబ్బా లెక్కన గ్రాము ప్రొటీన్ మూడు రూపాయలు పడింది. టోన్డ్ పాలలో రెండు రూపాయలు. వెన్న తీసిన పాలపొడి ఇంకా చవక, వందలో 35 గ్రాములు ప్రొటీనే.

అయినా పొడి గెలిచే చోటు ఒకటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) లెక్కలో మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రోజూ గట్టిగా కసరత్తు చేసేవాళ్లకు క్రీడా పోషకాహార నిపుణులు కిలోకి 1.4 నుంచి 2 గ్రాముల దాకా చెబుతారు, అంటే 60 కిలోలకి కనీసం 84 గ్రాములు. గుడ్డు కూడా ముట్టని మనిషి అన్నం, పప్పు, పెరుగుతోనే 85 గ్రాములు దాటాలంటే పొట్ట పట్టదు. ఒక స్కూపులో 24 గ్రాములు వస్తాయి కాబట్టి అలాంటివాళ్లు కొనుక్కుంటే నేను కాదనను. ఎన్ఐఎన్ మాత్రం 2024 మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. వాటిలో కలిపే చక్కెర, స్వీటెనర్లు, ఫ్లేవర్ల మీద దానికి అభ్యంతరం. కొనేముందు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లు మనలో చాలామందే. చాలామందిలో దానికి కారణం పాలలోని చక్కెర, లాక్టోజ్. చవకగా దొరికే వే కాన్సన్‌ట్రేట్ రకం పొడిలోనూ అది ఉంటుంది, ఇంకా ఎక్కువ శుద్ధి చేసిన ఐసోలేట్‌లో చాలా తక్కువ. అంత డబ్బు పెట్టలేకపోతే పెరుగు ఉంది, తోడుకున్నప్పుడే లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది. అన్నట్టు, మజ్జిగ, వే ఒకటే అనుకునేవాళ్లున్నారు. మన పల్చటి మజ్జిగలో ప్రొటీన్ నామమాత్రమే, ఉప్పేసుకుంటే దాహానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

ఇప్పుడు నేను పరుగుకి గంట ముందు రెండు అరటిపండ్లు తింటున్నాను, ఇంటికొచ్చాక పెద్ద గ్లాసుడు పాలు. షేకర్‌లో మా అమ్మ పెసలు పోసుకుంది.