విరేచనాలైతే ఏం తాగించాలి? ఓఆర్ఎస్ పొట్లం, గంజి, కొబ్బరి నీళ్లు, సెలైన్: ఏది మేలు?

ఇంట్లో ఎవరికైనా నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయంటే చాలు, తలా ఒక సలహా ఇస్తారు. అమ్మమ్మ గంజి కాయమంటుంది. పక్కింటివాళ్లు కొబ్బరి బోండాలు తెమ్మంటారు. మందుల షాపులో రంగురంగుల డబ్బా ఒకటి చేతిలో పెడతారు. ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆయన ‘ఒక బాటిల్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు’ అంటాడు. వీటిలో చాలావాటికి ఎంతోకొంత పని ఉంది. కానీ అన్నీ ఒకే పని చేయవు, ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పసిపిల్లల విషయంలో ప్రాణం మీదికే వస్తుంది. నీళ్ల విరేచనాల్లో మనిషిని కుంగదీసేది ముఖ్యంగా ఒంట్లోంచి పోయే నీరు, ఉప్పు. తాగించేది ఆ రెంటినీ ఎంత త్వరగా, ఎంత సరైన పాళ్లలో తిరిగి లోపలికి చేరుస్తుందో చూసి ఎంచుకోవాలి.

చిన్నపేగు గోడలో ఒక ప్రొటీన్ ఉంటుంది. అది సోడియంనూ గ్లూకోజ్‌నూ విడివిడిగా తీసుకోదు; రెండు సోడియం అయాన్లకు ఒక గ్లూకోజ్ అణువు చొప్పున జతచేసి లోపలికి పంపుతుంది. వాటి వెనకే నీరు వెళ్తుంది. కలరా లాంటి జబ్బులో పేగు నీటిని ధారగా బయటికి వదులుతున్నా, ఈ దారి మాత్రం చెడదు. నోటి ద్వారా ఇచ్చే వైద్యమంతా దీని మీదే నిలబడింది. అందుకే ఉత్త నీళ్లతో ఉప్పు లోటు తీరదు. చక్కెర చిక్కగా కలిపిన నీళ్లయితే అసలుకే మోసం. రక్తం గాఢత లీటరుకు సుమారు 290 మిల్లీ ఆస్మోల్స్ (నీటిలో కరిగి ఉన్న కణాల లెక్క ఇది). పేగులో ఉన్నది అంతకన్నా బాగా చిక్కగా ఉంటే, నీరు లోపలికి ఇంకడానికి బదులు ఒంట్లోంచే పేగులోకి వచ్చేస్తుంది. ఒక్క విరేచనం రెండవుతుంది.

పొట్లం ఎందుకు ముందుంటుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉంటాయి. మొత్తం గాఢత 245, అంటే రక్తం కన్నా పలచన. అంతకుముందు వాడినది 311 ఉండేది. పలచన చేశాక పిల్లల్లో విరేచనం పరిమాణం, వాంతులు, సెలైన్ పెట్టాల్సిన అవసరం తగ్గాయి. సోడియం, గ్లూకోజ్ రెండూ లీటరుకు 75 మిల్లీమోల్స్ చొప్పున సమానంగా ఉండటం, పోయిన పొటాషియం తిరిగి రావడం, రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని సిట్రేట్ తగ్గించడం: ఈ మూడూ కలిసి ఇంట్లో చేసుకునే ఏ పానీయంలోనూ దొరకవు. పీహెచ్‌సీలోనూ ఆశా కార్యకర్త దగ్గరా ఇది ఉచితంగా ఇస్తారు.

పొట్లంతో వచ్చే చిక్కంతా కలపడంలోనే. మార్కెట్లో లీటరు నీటికి సరిపోయే పెద్ద పొట్లం, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లం రెండూ దొరుకుతాయి. పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్లలో కలిపి తాగించడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు ఉప్పు అయిదు రెట్లవుతుంది. పసిబిడ్డ రక్తంలో సోడియం పెరిగి మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. పొడిని కొంచెం కొంచెంగా గ్లాసులో వేసి కలపడమూ తప్పే, ఏ చెంచాలో ఏ లవణం ఎంత వచ్చిందో చెప్పలేం. పెద్ద పొట్లమైతే కాచి చల్లార్చిన నీళ్లు లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పోసి, పొట్లం మొత్తం ఒకేసారి వేసి కరిగించండి. పాలలో, జ్యూసులో కలపొద్దు. పైన చక్కెర వేయొద్దు. కలిపాక మళ్లీ కాచొద్దు. మూతపెట్టి ఉంచి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

ఎంత ఇవ్వాలి? ఒంట్లో నీరు ఇంకా తగ్గకపోతే, ప్రతి విరేచనానికీ రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200, పెద్దలకు తాగగలిగినంత. కళ్లు గుంటలు పడి, బిడ్డ చిరాకుగా, ఆబగా తాగుతుంటే లోటు మొదలైనట్టే. అప్పుడు కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి, అదీ ఆరోగ్య కేంద్రంలో కూర్చుని. పది కిలోల బిడ్డకు అది 750 మిల్లీలీటర్లు. సీసాతో గడగడా పట్టిస్తే వాంతి అవుతుంది. గిన్నె, చెంచా పట్టుకుని నిమిషంన్నరకో టీస్పూను చొప్పున పోస్తూ కూర్చుంటే నాలుగు గంటల్లో పూర్తవుతుంది. ఓపిక కావాలి, నిజమే. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఈసారి రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున మొదలుపెట్టాలి. ‘వాంతి చేసుకున్నాడు, ఇక ఏదీ నిలవదు’ అని మానేయడం వల్లే చాలామంది పిల్లలు సెలైన్ దాకా వెళ్తున్నారు.

ఇంకో మాట ముందే తెలిసి ఉండాలి. ఓఆర్ఎస్ విరేచనాలను ఆపదు. పోయినదాన్ని పూడుస్తుంది, అంతే. రెండు గ్లాసులు తాగినా మోషన్స్ తగ్గలేదని పక్కన పెట్టేస్తే దాని ప్రయోజనమే పోతుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు కూడా గ్లూకోజ్ పేరు విని భయపడతారు. 200 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్‌లో ఉండేది 2.7 గ్రాములే. నిశ్చింతగా తాగొచ్చు, రక్తంలో షుగర్ మాత్రం మామూలుగానే చూసుకుంటూ ఉండాలి.

డబ్బాల్లోని తియ్యటి పానీయాలు

వీటి గురించి నెమ్మదిగా మాట్లాడటం కష్టం. పేరులో ‘ఓఆర్ఎస్’ అన్న మాట తగిలించుకుని, మందుల షాపులోనే అమ్ముడవుతూ, లోపల మాత్రం చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, సోడియం తక్కువ ఉన్న పానీయాలు ఏళ్ల తరబడి విరేచనాలతో ఉన్న పిల్లల నోళ్లలోకి వెళ్లాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఆహార పానీయాల పేరులో ఎక్కడా ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

పేరు మారినా అలవాటు మిగిలే ఉంటుంది కనుక లేబుల్ చదవడం నేర్చుకోవాలి. సరైన ఓఆర్ఎస్‌లో 100 మిల్లీలీటర్లకు గ్లూకోజ్ 1.35 గ్రాములు, సోడియం 172 మిల్లీగ్రాములు, పొటాషియం 78 మిల్లీగ్రాములు ఉంటాయి. చక్కెర ఏడెనిమిది గ్రాములని ఉంటే అది శీతల పానీయమే. డబ్బాలో వచ్చేవన్నీ చెడ్డవని కాదు, ఇదే సూత్రంతో కలిపి అమ్మేవీ ఉన్నాయి. అసలైన ఓఆర్ఎస్ ఔషధం కాబట్టి దాని మీద మందు తయారీ లైసెన్స్ నంబరు ఉంటుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు కనిపిస్తే అది ఆహార పానీయం. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు విరేచనాల్లో అసలు వద్దు. కోలాలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, సోడియం నామమాత్రం.

పొట్లం దొరకకపోతే: గంజినీళ్లా, ఉప్పు-చక్కెర నీళ్లా?

రాత్రి రెండింటికి మోషన్స్ మొదలై ఇంట్లో పొట్లం లేకపోతే? అందరికీ గుర్తొచ్చేది ఉప్పు-చక్కెర నీళ్లే. లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ చెంచా అంచుకు సమంగా చదును చేసి. కొలత తప్పకపోతే పనికొచ్చేదే. కానీ ఆ కంగారులో ఏ చెంచా చేతికి దొరికితే దానితో వేస్తారు. చక్కెర ఎక్కువైతే విరేచనం పెరుగుతుంది, ఉప్పు ఎక్కువైతే అంతకంటే పెద్ద ప్రమాదం.

అందుకే ఆరు నెలలు దాటిన పిల్లలకూ పెద్దలకూ ఉప్పు వేసిన గంజినీళ్లే మేలు. గంజిలోని పిండి పదార్థం పేగులో నెమ్మదిగా విడివడుతూ గ్లూకోజ్‌ను కొంచెం కొంచెంగా అందిస్తుంది. బియ్యం కాస్త అటూ ఇటూ అయినా పేగులోకి నీరు లాగే ప్రమాదం ఉండదు. లీటరు గంజికి 50 నుంచి 80 గ్రాముల బియ్యం చాలు. నూక అయితే త్వరగా ఉడుకుతుంది. మెత్తగా ఉడికించి, మెదిపి, ఉడుకుతుంటే ఇగిరిన నీటికి బదులు మళ్లీ కాచిన నీళ్లు పోసి లీటరు చేయండి. చెంచాలోంచి జారిపడేంత పలచగా ఉండాలి. దీనికి మెత్తటి ఉప్పు అర టీస్పూను, సుమారు 3 గ్రాములు. పిల్లల సిరప్ సీసా మూత మీద 2.5 మిల్లీలీటర్ల గీత ఉంటే అదే అర టీస్పూను, కడిగి తుడిచి వాడుకోవచ్చు. కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీలుంటాయి కనుక ఆ కొలత దానికి కుదరదు, దంచి కొలవాలి. తాగించేముందు మీరు రుచి చూడండి: కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ చేయాల్సిందే.

గంజికీ లోట్లున్నాయి. పొటాషియం తక్కువ, సిట్రేట్ లేదు. ఎండాకాలం బయట పెడితే కొన్ని గంటల్లోనే క్రిములు పెరుగుతాయి, పూటపూటకూ కొత్తగా కాయాల్సిందే. ఒంట్లో నీరు అప్పటికే బాగా తగ్గిన మనిషికి గంజి చాలదు, పొట్లమే కావాలి. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కూడా గంజి వరసలోదే, పులవకపోతే. ఆరు నెలల్లోపు బిడ్డకు ఇవేవీ వద్దు: తల్లిపాలు ఎప్పటికన్నా ఎక్కువసార్లు, దానితోపాటు ఓఆర్ఎస్.

కొబ్బరి నీళ్లు

మంచివే, పొట్లానికి బదులు కావు. వాటిలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం బాగా తక్కువ. విరేచనంలో ఎక్కువగా పోయేది సోడియమే. కాబట్టి ఓఆర్ఎస్‌తోనో గంజితోనో పాటు రోజులో ఒకటో రెండో బోండాలు తాగితే పొటాషియం లోటు తీరుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఆ పొటాషియమే ముప్పు, వాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు.

‘ఒక బాటిల్ ఎక్కించండి’

సెలైన్ ఎక్కితే జబ్బు త్వరగా తగ్గుతుందన్న నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది. తాగగలిగే మనిషికి అది నిజం కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా చెలరేగి, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో సెలైన్ నిల్వలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతే తాగించారు. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 3.6 శాతానికి దిగాయి. రక్తనాళం దొరక్క సూదులతో పొడిచే బాధ గానీ, సూది వల్ల ఇన్ఫెక్షన్ గానీ నోటి వైద్యంలో లేవు.

బాటిల్‌లో ఏముందో కూడా చూడాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్, జనం గ్లూకోజ్ అని పిలిచేది, అరలీటరులో 25 గ్రాముల చక్కెర తప్ప ఉప్పు ఏమీ లేనిది. నార్మల్ సెలైన్‌లో ఉప్పు ఉంది, పొటాషియం లేదు. విరేచనాలకు, ఉప్పుతోపాటు కొంత పొటాషియం కూడా ఉండే రింగర్ లాక్టేట్ బాటిల్ మేలు.

సెలైన్ తప్పనిసరి అయ్యే సందర్భాలు వేరు. మనిషి మగతలోకి జారినప్పుడు, తాగలేనప్పుడు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే రెండు సెకన్లు దాటినా ముడతగానే ఉండిపోయినప్పుడు క్షణం ఆలస్యం చేయకూడదు. అప్పుడు కిలోకు 100 మిల్లీలీటర్లు, ఏడాది దాటినవాళ్లకు మూడు గంటల్లో, ఏడాదిలోపు బిడ్డకు ఆరు గంటల్లో ఆసుపత్రిలో ఎక్కిస్తారు. ఇంటి మంచం మీద ఎక్కించే ఒక్క బాటిల్‌తో తీరే లోటు కాదది.

పక్కన ఏం ఉండాలి

పిల్లలకు ఓఆర్ఎస్‌తోపాటు జింక్ తప్పనిసరి: ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వారికి 10, మొత్తం 14 రోజులు. మాత్రను చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి ఇవ్వొచ్చు. మూడో రోజుకు మోషన్స్ ఆగాయని జింక్ మానేస్తారు. వాడితే తర్వాతి రెండు మూడు నెలలపాటు మళ్లీ విరేచనాలు వచ్చే అవకాశం తగ్గుతుంది. అన్నం మాన్పించొద్దు. లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు ఇవ్వకూడదు. యాంటీబయాటిక్స్ రక్తవిరేచనాలకో, కలరాకో డాక్టరు రాస్తేనే. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడే పెద్దలకు తీవ్రమైన విరేచనాల్లో కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఉంటుంది; కిడ్నీ దెబ్బతింటే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది. వాటిని ఆ రెండు రోజులు ఆపాలా అని డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

విరేచనంలో రక్తం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, తాగిందంతా వాంతి అయిపోవడం, బిడ్డ మాడు లోపలికి కుంగడం, లేపినా సరిగా లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా, దారిలో కూడా, తెలివిలో ఉండి మింగగలుగుతున్నంతసేపు చెంచాతో ఓఆర్ఎస్ పోస్తూనే ఉండాలి.