బార్బర్ అడాజియో: నలుగురు వాయిస్తే మేలా, ఆర్కెస్ట్రా వాయిస్తేనా?

'ప్లటూన్' సినిమా చూసినవాళ్లకు ఆ సంగీతం గుర్తుండే ఉంటుంది. 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయినప్పుడు అమెరికా రేడియోలో వినిపించిందీ అదే. అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ 'అడాజియో ఫర్ స్ట్రింగ్స్'. అడాజియో అంటే నిదానంగా సాగే సంగీతం. అది ఆర్కెస్ట్రా కోసమే పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1936లో, 26 ఏళ్ల వయసులో, ఆస్ట్రియాలో ఉండగా బార్బర్ రాసిన స్ట్రింగ్ క్వార్టెట్‌లో అది రెండో భాగం. రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది), ఒక చెలో (ఇంకా పెద్దది, మంద్రంగా పలికేది), అంతే.

దాన్ని ఆర్కెస్ట్రాకు మార్చింది కూడా ఆయనే. దాని స్వరలిపిని ప్రసిద్ధ ఆర్కెస్ట్రా కండక్టర్ టోస్కనీనికి పంపితే ఒక్క మాటా రాయకుండా తిప్పి పంపేశాడట. బార్బర్ నొచ్చుకున్నాడు. పెద్దాయన అప్పటికే దాన్ని కంఠతా పట్టేశాడని తర్వాత తెలిసింది! 1938 నవంబరు 5న న్యూయార్క్‌లో టోస్కనీని రేడియో కచేరీలో వినిపించాక ఆర్కెస్ట్రా రూపానికే పేరొచ్చింది, క్వార్టెట్ వెనకబడిపోయింది.

స్వరాలు దాదాపు అవే. తేడా ఎక్కడంటే, కమాను దగ్గర. ఈ రాగం ఆలాపనలో లాగా మెట్టు మెట్టుగా, తొందర లేకుండా పైకెక్కుతుంది. ఆర్కెస్ట్రాలో ఒకే స్వరాన్ని పదిమంది పట్టుకుంటారు. ఒకరి కమాను చివరికొచ్చి వెనక్కి తిరిగేసరికి పక్కవాళ్లది ఇంకా సాగుతూనే ఉంటుంది కాబట్టి ధార తెగదు. కింద అన్నిటికంటే మంద్రంగా పలికే డబుల్ బేస్‌లు చేరి గంభీరంగా ఉంటుంది. పెద్ద హాల్లో వింటే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను.

క్వార్టెట్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒక్కొక్కరికి ఒక్కటే కమాను. అది తిరిగినప్పుడల్లా మనకు తెలుస్తుంది. శిఖరం దగ్గర చెలో కూడా తన మామూలు చోటు వదిలేసి బాగా పైస్థాయికి వచ్చేస్తుంది. నలుగురూ తీగ చివరి అంచున నిలబడి బలమంతా పెట్టి ఆ స్వరాలను మోస్తుంటే ఆ శ్రమ వినపడుతుంది. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆర్కెస్ట్రాలో ఆ నిశ్శబ్దం ఘనంగా ఉంటుంది, క్వార్టెట్‌లో మాత్రం మనిషి ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది. నా ఓటు దీనికే.

1967లో బార్బరే దీన్ని ఎనిమిది గొంతుల కోరస్‌కు మార్చి, 'ఆగ్నస్ దేయి' అనే లాటిన్ ప్రార్థన మాటలు కూర్చాడు. రాగం ముందు, మాట తర్వాత వచ్చినా అతికించినట్టు ఉండదు. పాడేవాళ్లకు మాత్రం కత్తిమీద సామే. సొప్రానోలు (అన్నిటికంటే పైస్థాయిలో పాడే స్త్రీ గొంతులు) శిఖరం దగ్గర కాస్త తడబడినా మొత్తం చెడుతుంది. మంచి కోరస్ దొరికితే తప్పక వినండి. డచ్ డీజే టియెస్టో చేసిన ట్రాన్స్ (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం) రీమిక్స్ డ్యాన్స్ ఫ్లోర్‌కు బాగానే ఉంటుంది గానీ, ఈ పోలికలోకి తేను. ఈ రాగానికి ప్రాణమే దాని నిదానం, దాని కింద బీటు పెట్టాక ఇంకేం మిగులుతుంది?

అసలు క్వార్టెట్ వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. అడాజియో తన ఆధార స్వరానికి తిరిగి రాకుండా, ఏదో అడగబోయి ఆగినట్టు మధ్యలోనే ఆగుతుంది. విడిగా విన్నప్పుడు అదే ముగింపు అనుకుంటాం. క్వార్టెట్‌లో మాత్రం బార్బర్ అక్కడ విరామం ఇవ్వడు. వెంటనే మొదటి భాగంలోని వేగమైన సంగీతం మళ్లీ వచ్చి పడుతుంది, రెండు మూడు నిమిషాల్లో అంతా ముగిసిపోతుంది. మూడు భాగాలూ కలిపి 20 నిమిషాల లోపే. అందుకే ప్లేలిస్టులో అడాజియో ఒక్కటే పెట్టుకోకుండా, క్వార్టెట్‌ను మొదటి నుంచీ వినండి. అలా విన్నాక ఆర్కెస్ట్రా రికార్డింగ్ పెడితే, అడాజియో చివర అది ఆగిపోయే చోట మీ చెవి తర్వాతి స్వరం కోసం వెతుక్కుంటుంది.